పిల్లలకి దయ కథ, స్నేహం కథ మనమే కట్టి చెప్పడం ఎలా (ఒడిశాలో బరంపురం వైపు తెలుగువాళ్ల కోసం)

మా వీధిలో సాయంత్రం కరెంటు పోతే పిల్లలంతా మా అరుగు మీదికి వచ్చేస్తారు, నేను కథలు చెప్పడం అలా మొదలైంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆటల్లో రెండూ కలిపేసి మాట్లాడే పిల్లలు వీళ్లు. తెలుగు చదవడం చాలామందికి రాదు, వినడం మాత్రం బాగా వచ్చు. మొదట్లో వాళ్లకి ఒక దయ కథ చెప్పాను. ఒక మంచి అబ్బాయి, దారిలో ఆకలితో కూర్చున్న ముసలాయన, అబ్బాయి తన క్యారేజీలో అన్నం మొత్తం ఇచ్చేశాడు, ముసలాయన దీవించాడు, అయిపోయింది. ఆరేళ్ల పాప ఒకతి అడిగింది: "మరి ఆ అబ్బాయికి ఆకలెయ్యలేదా?" వేసింది అన్నాను. "అయితే ఏటి చేసేడు?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఆ అబ్బాయి ఆకలి గురించి ఆలోచించనే లేదు. అప్పటి నుంచి ఏ దయ కథ కట్టినా ఆ పాప ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను, మీకూ అదే చెప్తాను.

ముందుగా, కథలో పిల్లకి ఏం పోతుందో తేల్చుకోండి. ఊరు, పేరు, అడవి, జంతువులు అన్నీ తర్వాత. పోయేది ఆ పిల్లకి నిజంగా కావలసినది అయ్యుండాలి. పిల్లలకి డబ్బు విలువ అంతగా తెలియదు కాబట్టి "తన దగ్గరున్న వంద రూపాయలు ఇచ్చేసింది" అంటే వాళ్లకి ఏమీ అనిపించదు. కిటికీ పక్క సీటు, ఐస్ పుల్లలో ఆఖరి ముక్క, రంగు పెన్సిళ్లలో నీలం, ఆటలో తన వంతు, ఇవి పోతే ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు. వస్తువే పోవాలని కూడా లేదు. ధైర్యం చాలక చేయలేని పని ఒకటి చేయాల్సి రావడం, నలుగురిలో నవ్వులపాలవ్వడం, నిద్ర మానుకోవడం కూడా పోవడమే. మన గంజాం జిల్లాలోనే అస్కా వైపు భేత్నోయి, బలిపదర్ ఊళ్లున్నాయి కదా, అక్కడ కృష్ణజింకలు పొలంలో పడి పైరు మేస్తున్నా రైతులు వాటిని ఏమీ చెయ్యరు. జింక తిరిగిన చోట వాన పడుతుందని వాళ్ల నమ్మకం. ఈ సంగతి పిల్లలకి చెప్పేటప్పుడు "జింకలంటే వాళ్లకి ఎంతో ప్రేమ" దగ్గరే ఆపేస్తే సగమే చెప్పినట్టు. పైరు పోయింది, ఆ ఏడు ఇంటికి వచ్చే ధాన్యం తగ్గింది, అయినా తరమలేదు, ఇదంతా చెప్తేనే పిల్లలు కదలకుండా వింటారు.

రెండోది, చోటు. "అనగనగా ఒక అడవిలో" అని మొదలుపెట్టకండి, మన దగ్గర ఇన్ని చోట్లుండగా ఆ అవసరం ఏముంది? గుణుపురం పిల్లలకైతే వంశధార ఇసుక తిప్పలున్నాయి. పర్లాకిమిడి పిల్లలకైతే వాళ్ల తాతలు ఎక్కిన చిన్న రైలు ఉంది. రెండున్నర అడుగుల పట్టాల మీద నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931కి గుణుపురం దాకా వెళ్లి, 2004లో ఆగిపోయి, తర్వాత బ్రాడ్ గేజ్‌గా మారిన రైలు. కిటికీ సీటు వదులుకునే కథకి అంతకంటే మంచి బండి దొరకదు. పిల్ల రోజూ చూసే చోటు అయితే మీరు వర్ణించక్కర్లేదు, పేరు చెప్తే చాలు, మిగతాది తనే చూసుకుంటుంది.

మూడోది భాష, దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే సరిహద్దు జిల్లాల్లో స్నేహం కథ అంటే చాలాసార్లు ఇద్దరు వేరే భాషల పిల్లల కథే. మన పిల్లల పక్క బల్ల మీద కూర్చునేది ఒడియా పిల్లో, కొండల్లో ఉండే సవరల పిల్లాడో అయ్యుంటారు. వాళ్లని కథలోకి తెచ్చినప్పుడు చాలామంది చేసేదేమిటంటే అందరిచేతా గడగడా తెలుగే మాట్లాడించేస్తారు. అలా చెయ్యకండి. ఆ పిల్ల తన భాషలోనే నాలుగు మాటలు మాట్లాడనివ్వండి, మన పిల్లకి అర్థం కాకపోవడం కూడా కథలో ఉండనివ్వండి. గిడుగు రామమూర్తి గారి సంగతి నాకెప్పుడూ గుర్తొస్తుంది. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవరలకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ల మాట తను నేర్చుకోవాలని కూర్చుని నేర్చుకుని, సవర భాషలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో వాళ్ల పిల్లలకి బడులు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా వస్తే క్వినైను వాడి వినికిడి పోగొట్టుకున్నారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. పెద్ద పిల్లలకి ఈయన కథే చెప్పొచ్చు, నేను చెప్పాను. చెవులు పోయాయన్న చోట పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

ఒడియా మాటలు ఎన్ని పెట్టాలి? కథకి నాలుగైదు చాలు, అవీ పిల్లలు బజారులో విన్నవి అయితే మేలు. పాణి (నీళ్లు), సాంగొ (నేస్తం), అంకెలు, ఇలాంటివి. కథ మధ్యలో ఆగి అర్థం చెప్పకండి. జరుగుతున్న పనిలోంచి మాట అర్థమయ్యేలా కట్టుకోండి. ఎలాగో చూపించడానికి నేను కట్టిన కథ ఒకటి కింద పెడుతున్నాను. దానికి ముందు కొన్ని నిజాలు చెప్పాలి, ఎందుకంటే జంతువులున్న కథలో జంతువు గురించి అబద్ధం చెప్పకూడదని నాకు గట్టి పట్టుదల.

రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకి వేలు ఒకేసారి ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కొన్నేళ్లు రావు కూడా. అక్కడ ఇలా జరుగుతుందని శాస్త్రవేత్తలు గుర్తించింది 1994లో. ఒక్కో తాబేలు వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, ఏడెనిమిది వారాలకి పిల్లలు ఇసుక తోసుకుని పైకొస్తాయి, ఎక్కువగా రాత్రిపూట. ఎటు వెలుతురుగా ఉంటే అటే నడుస్తాయి. మామూలుగా రాత్రి సముద్రం వైపే కాస్త వెలుతురు ఉంటుంది కాబట్టి నీళ్లలోకి చేరతాయి. ఊరి వైపు లైట్లుంటే ఊళ్లోకి వచ్చేస్తాయి, కుక్కలు, కాకులు, ఎండ, ఏదో ఒకటి వాటిని చంపేస్తుంది. ఇంకో సంగతి, ఆ ఒడ్డున ఉండే జాలరులు చాలామంది తెలుగువాళ్లే. తాబేళ్ల కోసం రుషికుల్య మొగ దగ్గర సముద్రంలో 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. అంటే ఏడు నెలలు. ఆ ఇళ్లలో తాబేలంటే ఒక్కోసారి కోపం కూడా ఉంటుంది, దాన్ని కథలోంచి తీసేయకండి. నా కథకి బలం అక్కడే దొరికింది.

ఇక కథ. నేను ఎలా చెప్తానో అలాగే రాస్తున్నాను.

పైడికి చీకటంటే భయం. దొడ్లోకి వెళ్లాలన్నా మామ్మ చెయ్యి పట్టుకోవాలి. అందుకని వాళ్ల నాన్న బరంపురం ఠాకురాణి జాతరకి వెళ్లినప్పుడు ఒక టార్చిలైటు కొనుక్కొచ్చాడు. ఎర్రటిది, వెనకాల తాడు, మెళ్లో వేసుకోవచ్చు. ఆ రోజు నుంచి పైడి దాన్ని వదల్లేదు. స్నానానికెళ్తే తలుపుకి తగిలించేది, పడుకుంటే తలగడ కింద పెట్టుకునేది.

పైడికి తాబేళ్లంటే ఇష్టం లేదు. నాన్న పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది, దాని కింద కోళ్లు పడుకుంటున్నాయి. "పడవ నీళ్లలోకి ఎందుకు దించవు నాన్నా?" అంటే "తాబేళ్లొచ్చే నెలలు కదమ్మా" అనేవాడు. రోజూ చారన్నమే.

ఆ వీధిలోకి కొత్తగా మిని అనే పిల్ల వచ్చింది. వాళ్ల నాన్నకి హుమ్మ ఉప్పు మళ్లలో పని. మినికి తెలుగు రాదు. పైడికి ఒడియా నాలుగు ముక్కలొచ్చు, అవీ సంతలో విన్నవి. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకునేవాళ్లు, అంతే.

ఒకరోజు రాత్రి అందరూ బయట మంచాలేసుకుని పడుకున్నారు. ఇసుకలో సరసరమని చప్పుడైంది. పైడి లేచి టార్చి వేసింది. నేల కదులుతోంది! అగ్గిపెట్టెలంత తాబేలు పిల్లలు, పది, ఇరవై, యాభై, తడి నల్లగా, రెక్కల్లాంటి చేతులు ఆడించుకుంటూ, తిన్నగా పైడి వైపే వస్తున్నాయి. పైడి ఎడమకి జరిగింది. అవీ ఎడమకి తిరిగాయి. కుడికి జరిగింది. అవీ కుడికి తిరిగాయి.

అప్పుడు మిని పరిగెత్తుకొచ్చింది. "ఆలుఒ! ఆలుఒ!" అని అరిచింది.

ఆలుయా? పైడికి ఆలు అంటే తెలుసు, సంతలో బంగాళదుంపలవాడు అరుస్తాడు. ఈ రాత్రప్పుడు ఈ పిల్లకి బంగాళదుంపలెందుకు? "మా ఇంట్లో నేవు" అంది.

"ఆలుఒ బొందొ కొరొ!"

"నేవంటే!"

మిని ఇంక మాట్లాడలేదు. దగ్గరికొచ్చి టార్చి అద్దం మీద అరచెయ్యి పెట్టేసింది. మిని వేళ్లు లోపల్నుంచి ఎర్రగా వెలిగాయి. నేల మీద వెలుతురు పోయింది. తాబేలు పిల్లలు ఆగిపోయాయి. ఒకటి, అన్నిటికంటే ముందున్నది, తల పక్కకి తిప్పింది. అటు సముద్రం ఉంది.

పైడికి అర్థమైంది. అర్థమైంది కానీ వేలు మీట మీదికి వెళ్లలేదు. టార్చి ఆపేస్తే చీకటి.

ఇక్కడ ఆగండి. ఊపిరి పీల్చుకునేంత సేపు కాదు, బాగా ఆగండి. పిల్లలు ఏదో ఒకటి అంటారు. "ఆపెయ్" అంటారు, "వద్దు, భయమేస్తాది" అంటారు, ఒకడు "నాన్నని పిలవొచ్చు కదా" అన్నాడు. జవాబు చెప్పకండి, వాళ్లని అననివ్వండి. కథలో పిల్లకి పోయేది ఏదో ఆ క్షణంలో వినేవాళ్ల చేతిలోకి వస్తుంది. నేను ఈ ఆగడం నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే పెద్దవాళ్లకి నిశ్శబ్దం అంటే టెన్షన్, వెంటనే ఏదో ఒకటి చెప్పేస్తాం.

తర్వాత:

టక్.

ఏమీ కనిపించలేదు. పైడి కళ్లు మూసుకుంది, తెరిచింది, రెండూ ఒకేలా ఉన్నాయి. గుండె దడదడ. అప్పుడు ఒక చెయ్యి వచ్చి తన చెయ్యి పట్టుకుంది. గరుగ్గా ఉంది, ఉప్పు రాసుకున్నట్టు. ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. కాళ్ల పక్క నుంచి సరసరమని చిన్న చప్పుడు, ఒకటి పైడి పాదం మీదికెక్కి దిగిపోయింది. దూరంగా అల విరిగింది.

"ఒకటి" అంది పైడి, భయం పోవాలని.

"ఎకొ" అంది మిని.

ఇంకో అల. "రెండు." "దుయి."

ఇంకో అల. "మూడు." "తిని."

(పిల్లలందరిచేతా ఇక్కడ లెక్క పెట్టించండి, సగం మంది తెలుగులో, సగం మంది ఒడియాలో. పది దాకా వెళ్లొచ్చు, గొంతు ప్రతి అంకెకీ కొంచెం తగ్గాలి.)

తెల్లారి చూస్తే ఇసుక మీద బోలెడు గీతలు, పిల్లలు పలక మీద గీసినట్టు, అన్నీ నీళ్ల వైపే. పైడి మెళ్లో టార్చి ఉంది. ఆ రాత్రంతా వెయ్యలేదు.

మళ్లీ సంక్రాంతి వచ్చింది. మిని వాళ్లమ్మ కొత్త బియ్యంలో బెల్లం, అరటిపండు, కొబ్బరి కలిపి మకర చౌళొ చేసింది. పైడి నోట్లో మిని ఒక ముద్ద పెట్టింది, మిని నోట్లో పైడి ఒక ముద్ద పెట్టింది. ఆ రోజు నుంచి పైడి ఆ పిల్లని పేరుతో పిలవలేదు. "మకరా!" అని వీధి చివరి నుంచి కేకేస్తుంది. "మకరా!" అని అట్నుంచి కేక.

కథ ఇంతే.

చివర్లో మకర ఎందుకు పెట్టానంటే, ఒడియా ఇళ్లలో మకర సంక్రాంతికి ఇలా ఒకళ్లకొకళ్లు తినిపించుకుని "మకర" కట్టుకునే ఆచారం ఉంది, ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోరు. మన శ్రీకాకుళం వైపు నేస్తం కట్టుకోవడం కూడా ఇలాంటిదే కదా, నేస్తరికం అంటే బంధుత్వం లెక్కే. మా మామ్మ నేస్తురాలు మా ఇంటి పెళ్లిళ్లకి సొంత మనిషిలా వచ్చి పని చేసేది. పిల్లలకి స్నేహం అంటే ఏంటో వివరించడం కష్టం, చేతిలో ముద్ద, నోట్లో పిలుపు చూపిస్తే కష్టం లేదు. మీ వైపు ఆచారం వేరే ఉంటే అదే పెట్టుకోండి.

కట్టేటప్పుడు నేను చేసి మానేసిన తప్పులు కూడా చెప్తాను. మొదటి రూపంలో మిని చాలా పేద పిల్ల, చిరిగిన గౌను, పైడి దానం చేసేది. ఒక తల్లి మెల్లగా అడిగింది, "మా పిల్ల గౌను కూడా పాతదే, అది వింటూ ఎలా ఉంటుందనుకున్నారు?" అని. నిజమే. దయ పుచ్చుకునేవాళ్లు కూడా అరుగు మీద కూర్చుని వింటుంటారు. అందుకే ఇప్పుడు తెలిసినది మినికి, భయం పైడికి, ఇద్దరి దగ్గరా ఇవ్వడానికి ఏదో ఉంది. రెండో రూపంలో ఒక చెడ్డ అబ్బాయిని పెట్టి వాడు తాబేళ్లని తొక్కితే చివర్లో కాలు విరిగేలా చేశాను. పిల్లలు తాబేళ్లని మర్చిపోయి కాలు విరగడం గురించే వారం రోజులు మాట్లాడుకున్నారు, తీసేశాను. పెద్దవాళ్లు వచ్చి సమస్య తీర్చేయడం కూడా వద్దు, మామ్మని నిద్రపోనివ్వండి.

నీతి చెప్పాలా అని అందరూ అడుగుతారు. ఒకచోట పిల్లల కథల పోటీకి ఈ కథే పంపితే "నీతి వాక్యం లేదు" అని తిప్పి పంపారు. నాకు బాధగానే అనిపించింది, అయినా చేర్చలేదు. టక్ అన్న చప్పుడు విన్న పిల్లకి నేను ఇంకేం చెప్పాలి? "దయ" అనే మాట కథలో ఎక్కడా లేకుండా చూసుకోండి, "మంచి పిల్ల" కూడా. మరీ చెప్పాలనిపిస్తే కథ అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి, దానికి ఒప్పు తప్పు జవాబు ఉండకూడదు. నేను "పైడి మళ్లీ టార్చి ఎప్పుడు వేసుంటుంది?" అని అడుగుతాను.

పొడవు పది నిమిషాలు దాటనివ్వకండి, ఐదారేళ్ల వాళ్లయితే ఏడే. కాగితం మీద రాసిచ్చేటప్పుడు మాత్రం ఒక చిన్న పని చెయ్యండి. తెలుగు అక్షరాలు రాని పిల్లలకి నేను తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాసిచ్చాను, ఎదురుగా తెలుగు లిపిలో అదే వాక్యం. రెండూ గుండ్రటి అక్షరాలే, పిల్లలు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ చదివారు. ఒక పాప మొదట గుర్తుపట్టిన తెలుగు మాట "టక్". ఆ పేజీలో అది ఒక్కటే ఒంటరిగా ఉంది కాబట్టి దొరికిపోయింది, అప్పటి నుంచి ముఖ్యమైన మాటని ఒక్కదాన్నే ఒక వరసలో రాస్తున్నాను.

బొమ్మల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పిల్లలచేతే వేయించండి. చీకటి పేజీకి నల్ల క్రేయాన్ అయిపోతుంది, రెండు కొనండి.

మూడు నాలుగు సార్లు చెప్పాక కథ మీ చేతిలోంచి వాళ్ల చేతిలోకి వెళ్తుంది, అడ్డుపడకండి. మా పక్కింటి పిల్లాడు ఈ కథని బడిలో తన ఒడియా సాంగొకి చెప్పాడట. ఒడియా పిల్లలకి ఆలుఒ అంటే వెలుతురని తెలుసు కదా, ఒడియాలో చెప్పేసరికి బంగాళదుంపల దగ్గర నవ్వు రాలేదని, వాడే ఆలోచించి, ఒడియా పిల్లకి తెలుగు మాట ఒకటి తప్పుగా వినిపించేలా మార్చాడు. టార్చి తీసేసి సెల్‌ఫోన్ లైటు పెట్టాడు. పైడి కూడా వాడి కథలో మగపిల్లాడైపోయి, పేరు పైడిరాజు అయ్యింది. సాయంత్రం వచ్చి ఆ రూపంలోనే మళ్లీ చెప్పమన్నాడు, చెప్పాను, టక్ దగ్గర వాడు నాకంటే ముందే ఆగిపోయి నా మొహం చూస్తూ కూర్చున్నాడు.